హైబ్రిడ్ మొక్కజొన్న అమెరికా సేద్యాన్ని ఎలా మార్చింది? విత్తనం వాటా ఎంత, ఎరువు వాటా ఎంత?

మీ ప్రశ్న సారాంశం ఇది: అమెరికాలో మొక్కజొన్న దిగుబడి వందేళ్ళలోపే ఆరేడు రెట్లు పెరిగిందని చదివారు. అది హైబ్రిడ్ విత్తనం వల్లా, లేక ఎరువులూ ట్రాక్టర్ల వల్లా? హైబ్రిడ్ పంటలోంచి దాచుకున్న గింజను తిరిగి నాటితే ఎందుకు బాగా కాయదు? అది కంపెనీలు కావాలని పెట్టిన మెలికేనా? నేను ఇరవై ఎనిమిదేళ్ళు మొక్కజొన్న ప్రజననంలోనే, అంటే కొత్త రకాలు తయారుచేసే పనిలోనే ఉన్నాను. ఈ కథ నాకు చాలా ఇష్టమైనది, అందుకే కాస్త పొడవుగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పెరిగిన దిగుబడిలో దాదాపు సగం విత్తనానిది, మిగతా సగం సాగు పద్ధతులది. ఆ రంగంలో జీవితమంతా గడిపిన శాస్త్రవేత్తలు పాత హైబ్రిడ్లనూ కొత్తవాటినీ పక్కపక్కన నాటి తేల్చిన లెక్క అది. అయితే ఈ రెండు సగాలనూ విడదీసి చూడకూడదు. పాత విత్తనానికి ఇప్పటి ఎరువు వేస్తే మొక్క ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది. కొత్త విత్తనాన్ని ఎరువు లేకుండా పలచగా నాటితే అది తన సత్తా చూపలేదు. ఒకటి లేకుండా ఇంకొకటి లేదు. ఇంకో సంగతి. అందరూ చెప్పుకునే సంకర తేజం, అంటే రెండు వేర్వేరు వంశాలు కలిసినప్పుడు పిల్లకు వచ్చే అదనపు బలం, మొదట్లో ఒక్కసారి వచ్చిన లాభం. ఆ తర్వాతి ఎనభై ఏళ్ళ పెరుగుదల వేరే దారిలో వచ్చింది. దాని గురించి చాలామంది రాయరు. నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

హైబ్రిడ్లకు ముందు పరిస్థితి చూడండి. అమెరికాలో మొక్కజొన్న దిగుబడి లెక్కలు 1866 నుంచి ఉన్నాయి. అప్పటి నుంచి 1930ల దాకా సగటు ఎకరానికి 26 బుషెళ్ళ చుట్టూనే తిరిగింది. బుషెల్ అంటే మొక్కజొన్నలో 25.4 కిలోలు. అంటే ఎకరానికి ఆరున్నర క్వింటాళ్ళు. డెబ్భై ఏళ్ళలో నాగళ్ళు మారాయి, గుర్రాలతో లాగే విత్తే యంత్రాలు వచ్చాయి, వ్యవసాయ కళాశాలలు వచ్చాయి, సగటు మాత్రం కదల్లేదు.

రైతులకు చేతకాక కాదు. అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాల నల్లమట్టి ప్రపంచంలోనే మేలైన నేలల్లో ఒకటి. ఆ రైతులు విత్తనం విషయంలో మహా పట్టుదల మనుషులు. రాబర్ట్ రీడ్ అనే రైతు 1846లో ఒహాయో నుంచి ఇల్లినాయ్ వస్తూ తన విత్తనాన్ని బండిలో వెంట తెచ్చుకున్నాడు. మొదటి ఏడాది పంట ముదరలేదు. మరుసటి ఏడాది ఆ గింజలే నాటితే మొలకలు పలచబడ్డాయి. ఖాళీల్లో అక్కడి పసుపు రకం నాటాడు. రెండూ గాలికి కలిసిపోయాయి. ఆ కలయికను ఆయనా ఆయన కొడుకూ ఏళ్ళ తరబడి ఏరుతూ పోతే 'రీడ్ ఎల్లో డెంట్' పుట్టింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. ఇప్పటి అమెరికా హైబ్రిడ్లలో దాని రక్తం పెద్ద వాటాగా ఉంది.

మరి ఏరుతున్నా దిగుబడి ఎందుకు పెరగలేదు? కారణం మొక్కజొన్న పూతలోనే ఉంది. మగపూత పైన జల్లుగా వస్తుంది, ఆడపూత నడుము దగ్గర కండెగా వస్తుంది. కండె కొస నుంచి వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందినది. గాలిలో ఎగిరొచ్చిన ఏ పుప్పొడి రేణువు ఏ పోగు మీద వాలితే ఆ గింజకు అదే తండ్రి. ఒక కండెలో ఆరువందల గింజలుంటే అందులో వందల తండ్రులు ఉండొచ్చు. రైతు మంచి కండె ఏరుకున్నాడంటే తల్లిని మాత్రమే ఏరుకున్నాడు. పక్క వరుసలో బక్కగా నిలబడ్డ మొక్క కూడా ఆ గింజల్లో తండ్రిగా చేరి ఉంటుంది. అదీగాక ఆ తల్లి బాగా కాసింది వంశం వల్లా, లేక దాని కింద పడ్డ పేడ వల్లా అన్నది కంటికి తెలియదు.

ఆ రోజుల్లో దీనికి తోడు కండెల అందాల పోటీలు నడిచేవి. పది కండెలు బల్ల మీద పేర్చేవారు. వరుసలు తిన్నగా ఉన్నాయా, కొస దాకా గింజ నిండిందా, అన్నీ ఒకే పొడవున్నాయా అని మార్కులు వేసేవారు. అయోవా రాష్ట్ర కళాశాలలో పనిచేసిన పి. జి. హోల్డెన్ ఈ విషయంలో పెద్ద ప్రచారకుడు. రైలు పెట్టెల్లో ఊరూరా తిరుగుతూ మంచి విత్తనం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. మంచి మనిషి, రైతుల మేలు కోరినవాడు. అయితే అందమైన కండె ఎక్కువ కాస్తుందని ఆయన మనసా వాచా నమ్మాడు.

హెన్రీ ఎ. వాలస్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు దానికి రుజువేదని అడిగాడు. 1904లో హోల్డెన్ చూసి మార్కులు వేసిన 33 కండెలను తీసుకుని, ఒక్కో కండె గింజల్ని వేరువేరు వరుసలుగా నాటాడు. వేసవంతా తనే కలుపు తీశాడు, తనే కోసి తనే తూకం వేశాడు. హోల్డెన్ అన్నిటికంటే అందంగా ఉందన్న కండె దిగుబడిలో అడుగు గుంపులో చేరింది. అందానికీ దిగుబడికీ పొత్తు కుదరలేదు. నన్నడిగితే హైబ్రిడ్ మొక్కజొన్న కథ నిజంగా మొదలైంది ఆ తూకం దగ్గరే. కంటితో కాక తూకంతో విత్తనాన్ని ఎంచాలన్న ఆలోచన రాకపోతే తర్వాత వచ్చిన శాస్త్రమేదీ చేలోకి దిగేది కాదు.

అదే కాలంలో న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జార్జ్ హారిసన్ షల్ మొక్కజొన్న మీద వేరే పని చేస్తున్నాడు. ఆయనకు దిగుబడి గొడవే లేదు. కండెలో గింజల వరుసల సంఖ్య వంశపారంపర్యంగా ఎలా వస్తుందో చూడాలనుకున్నాడు. (వరుసల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. చేతికి దొరికిన కండెను లెక్కపెట్టి చూడండి, 12, 14, 16 అలా వస్తాయి.) అందుకోసం ఒక మొక్క పుప్పొడిని అదే మొక్క పీచు మీద చల్లుతూ తరం తర్వాత తరం నడిపాడు. మేము దీన్ని సెల్ఫింగ్ అంటాం. తరం తరానికీ మొక్క చిక్కిపోయింది, పొట్టిదైంది, కండె చిన్నదైంది. కానీ ఒక్కో వంశంలో మొక్కలన్నీ ఒకేలా తయారయ్యాయి. ఇలాంటి వంశాన్నే ఇన్‌బ్రెడ్ అంటాం. అలా బక్కచిక్కిన రెండు వేర్వేరు వంశాలను కలిపితే పిల్ల తిరిగి లేచి నిలబడింది. కొన్ని జతలు మొదటి రకాన్ని కూడా దాటిపోయాయి. దాన్నే ఆయన 1908, 1909 వ్యాసాల్లో రాశాడు. చేలో కనిపించే మొక్కజొన్న మొక్కలన్నీ లెక్కలేని హైబ్రిడ్ల కలగూరగంప అనీ, వాటిలో మేలైన జతను పట్టుకుని ప్రతి ఏటా అదే జతను తిరిగి తయారుచేయడమే బ్రీడర్ పని అనీ తేల్చాడు. సంకర తేజానికి హెటిరోసిస్ అన్న మాట కూడా 1914లో ఆయన పెట్టిందే. అదే సమయంలో కనెక్టికట్‌లో ఎడ్వర్డ్ ఈస్ట్ కూడా దాదాపు ఇదే దారిలో ఉన్నాడు.

ఈ పని చేతులతో ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే 'ఇన్‌బ్రెడ్ తయారుచేశారు' అని ఒక్క ముక్కలో రాసేస్తే అందులో ఉన్న శ్రమ కనపడదు. కండె మొగ్గ నడుము దగ్గర తొంగిచూడగానే, పీచు బయటపడకముందే, దానికి చిన్న కాగితం సంచి తొడగాలి. రోజూ పొద్దున్నే వరుసల్లో తిరిగి సంచి లోపల పీచు వచ్చిందా అని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. వచ్చిన రోజు కండె కొసను కత్తితో అడ్డంగా కోసి మళ్ళీ సంచి తొడిగితే, మర్నాటికి పీచు బ్రష్ కుచ్చులా సమంగా లేస్తుంది. అదే సాయంత్రం పైన జల్లుకు పెద్ద గోధుమరంగు సంచి కట్టాలి, గాలిలో తిరిగే పరాయి పుప్పొడి రాత్రికి రాత్రే చచ్చిపోవడానికి. తెల్లారి మంచు ఆరాక జల్లును వంచి సంచిని తడితే అడుగున పసుపు పొడి పడుతుంది. కింది సంచి తీయడం, పొడి చల్లడం, పెద్ద సంచి కప్పడం, కాండం చుట్టూ పిన్ను కొట్టడం మూడు నాలుగు సెకన్లలో అయిపోవాలి. సంచి మీద తేదీ రాయాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు, కాబట్టి పదకొండు లోపు రెండు మూడు వందల మొక్కలు ముగించాలి. ఇలా ఆరేడు తరాలు.

నేను చేరిన రెండో ఏడు ఒకరోజు ఆలస్యంగా చేలోకి వెళ్ళాను. నాలుగు కండెల పీచు అప్పటికే సంచి పక్క నుంచి వేలెడు బయటికి వచ్చేసి ఉంది. కొసలు కోసి సంచి తొడిగి, ఏమీ కానట్టే మర్నాడు సెల్ఫింగ్ చేసేశాను. మరుసటి పంటలో ఆ నాలుగు వరుసల్లో మోకాలెత్తు మొక్కల మధ్య తలెత్తు మొక్కలు అక్కడక్కడ నిలబడ్డాయి. ఒక్క రోజులో వాలిన పరాయి పుప్పొడి వల్ల వచ్చినవి. అప్పటికి నాలుగు తరాల పని అది, మొత్తం తీసేయాల్సి వచ్చింది. నాకు ఎంతో బాధ కలిగింది. కానీ సంకర తేజాన్ని నేను పుస్తకంలో కాదు, ఆ వరుసల్లో చూశాను. ఒకే తల్లి, ఒకే నేల, ఒకే నీరు, తండ్రి మాత్రం వేరు, ఎత్తులో రెట్టింపుకు పైగా తేడా.

షల్ కనిపెట్టింది సరైనదే కానీ చేలోకి రాలేదు. ఇన్‌బ్రెడ్ తల్లి మొక్క బక్కది. దాని కండె నిండా కాసినా కొద్ది గింజలే వస్తాయి. అవీ చిన్నవి, ఎగుడుదిగుడువి. ఆ విత్తనం ధర ఏ రైతూ భరించలేడు. ఈ ముడిని విప్పినవాడు కనెక్టికట్ ప్రయోగ కేంద్రంలో డోనాల్డ్ ఎఫ్. జోన్స్. 1917 ప్రాంతంలో ఆయన నాలుగు ఇన్‌బ్రెడ్లు తీసుకున్నాడు. మొదటి రెంటినీ కలిపాడు, మిగతా రెంటినీ కలిపాడు. ఆ వచ్చిన రెండు బలమైన హైబ్రిడ్లను మళ్ళీ కలిపాడు. ఇప్పుడు రైతుకు అమ్మే గింజ కాసేది బక్క తల్లి మీద కాదు, నిండైన హైబ్రిడ్ తల్లి మీద. గింజ పెద్దది, రాశి ఎక్కువ, ధర అందుబాటులో. దీన్ని డబుల్ క్రాస్ అంటారు. శాస్త్రంగా చూస్తే చిన్న మార్పు, చేలో చూస్తే తలుపు తెరుచుకున్నట్టే.

వాలస్ అప్పటికి పెద్దవాడై వ్యవసాయ పత్రికకు సంపాదకుడిగా ఉంటూ సొంతంగా క్రాసులు చేస్తున్నాడు. ఆయన 'కాపర్ క్రాస్' 1924లో అయోవా దిగుబడి పోటీలో బంగారు పతకం గెలిచింది. 1926లో విత్తన కంపెనీ పెట్టాడు, అదే తర్వాత పయొనీర్ అయింది. 1933లో ఆయన దేశ వ్యవసాయ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు అయ్యాడు.

రైతుల్ని ఒప్పించడం అంత తేలిక కాలేదు. తాత దగ్గర నుంచి వచ్చిన విత్తనం ఇంట్లో ఉచితంగా ఉండగా, ఏటా డబ్బు పెట్టి గింజ కొనమంటే ఎవరైనా ఎందుకు కొంటారు? అదీ 1930ల మాంద్యంలో, మొక్కజొన్న బుషెల్ కారుచౌకకు అమ్ముడుపోతున్నప్పుడు. అయోవాలో కూన్ రాపిడ్స్ ఊరి రాజ్‌వెల్ గార్స్ట్ దీనికి మంచి ఉపాయం పట్టాడు. విత్తనం ఊరికే ఇస్తాను, మీ విత్తనం పక్కనే నాటండి, అదనంగా పండినదాంట్లో సగం నాకివ్వండి అన్నాడు. పంట కోశాక లెక్క చూసుకున్న రైతు మరుసటి ఏడు సగం పంచడం కంటే విత్తనం కొనడమే మేలనుకున్నాడు. (1959లో సోవియట్ నేత కృశ్చేవ్ అమెరికా వచ్చినప్పుడు చూడటానికి వెళ్ళింది ఈ గార్స్ట్ పొలానికే.)

అసలైన ప్రచారం మాత్రం కరువు చేసింది. 1934లో ఒకసారి, 1936లో మరోసారి వానలు ఎగ్గొట్టాయి. దేశ సగటు 19 బుషెళ్ళకు పడిపోయింది. పాత రకాల చేలు ఎండి నేలకు ఒరిగిపోతే, పక్కనే హైబ్రిడ్ వరుసలు నిలబడి ఉన్నాయి. దారిన పోయే ప్రతివాడికీ కంచె మీద నుంచి ఆ తేడా కనిపించింది. అయోవాలో హైబ్రిడ్ల వాటా 10 శాతం నుంచి 90 శాతానికి చేరడానికి సుమారు నాలుగేళ్ళే పట్టింది. బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అయోవాలో 259 మంది రైతుల్ని కలిసి 1943లో అచ్చువేసిన అధ్యయనం ఉంది. 1941 నాటికి వారిలో ఇద్దరు తప్ప అందరూ మారిపోయారు. కంపెనీ మనిషి చెబితే విన్నారు గానీ, పొరుగు రైతు చేను చూశాకే నమ్మారు. మొదటి ఏడు కొద్ది భాగంలోనే వేసి చూసుకున్నారు. నా అనుభవంలోనూ రైతు ఏ కొత్త విత్తనాన్నైనా అలాగే పరీక్షిస్తాడు. అది అపనమ్మకం కాదు, జాగ్రత్త.

దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం ఇది ఆలస్యమైంది. అక్కడి రైతులు వెనకబడ్డవాళ్ళని కొందరు రాశారు. అది తప్పు. అయోవా హైబ్రిడ్ అలబామా ఎండకూ పగటి నిడివికీ సరిపోదు. అక్కడికి తగిన ఇన్‌బ్రెడ్లు తయారయ్యాకే హైబ్రిడ్లు వచ్చాయి. ఆర్థికవేత్త జ్వీ గ్రిలికెస్ 1957లో ఈ సంగతిని లెక్కలతో చూపించాడు.

ఇక్కడిదాకా కథ చాలామందికి తెలిసిందే. ఇప్పుడు నేను ఆగుతానన్న చోటికి వచ్చాను.

1940ల చివర అమెరికా సగటు 40 బుషెళ్ళ దగ్గర ఉంది. 2023లో అది 177, అంటే ఎకరానికి 45 క్వింటాళ్ళు. 1950 నాటికే చేలల్లో చాలా భాగం హైబ్రిడ్లే అయితే, ఆ తర్వాత నాలుగు రెట్లు ఎక్కడి నుంచి వచ్చింది? సంకర తేజం పెరిగిందా? లేదు. పయొనీర్‌లో పనిచేసిన డోనాల్డ్ డువిక్ 1930ల నాటి హైబ్రిడ్ల నుంచి తన కాలపు హైబ్రిడ్ల దాకా వరసగా తీసుకుని ఒకే పొలంలో పక్కపక్కన ఎన్నో ఏళ్ళు నాటాడు. మొక్కకు మొక్కకు మధ్య చాలా దూరం ఇచ్చి, ఒంటరిగా నిలబెట్టినప్పుడు పాతదీ కొత్తదీ దాదాపు ఒకేలా కాశాయి. దగ్గర దగ్గరగా నాటినప్పుడే తేడా బయటపడింది. ఇరుకులో పాత హైబ్రిడ్ కండె పెట్టకుండా బోడిగా మిగిలిపోయింది, లేదా కాండం సన్నబడి పడిపోయింది. కొత్తది ఆ ఇరుకులోనే నిటారుగా నిలబడి ప్రతి మొక్కకూ కండె పెట్టింది.

కొత్త మొక్క తీరు చూస్తే ఇది అర్థమవుతుంది. ఆకులు పక్కలకు వాలిపోకుండా పైకి నిక్కి ఉంటాయి, కింది ఆకులకు కూడా వెలుతురు అందుతుంది. పైన జల్లు బాగా చిన్నదైంది, పుప్పొడికి పోయే బలం కండెకు దక్కుతుంది. జల్లు పుప్పొడి రాల్చే రోజుకూ పీచు బయటికి వచ్చే రోజుకూ మధ్య వ్యవధి తగ్గింది. ఇది చాలా ముఖ్యం. నీటి ఎద్దడి వచ్చినప్పుడు పాత మొక్క పీచును వాయిదా వేస్తుంది. తీరా పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది, బెండు మీద గింజలు అక్కడొకటి అక్కడొకటి పడతాయి. కొత్త మొక్క ఆ కష్టంలోనూ పీచును సమయానికి పంపుతుంది.

ఇలాంటి మొక్కను ఎవరూ ముందు ఊహించి గీసి తయారుచేయలేదు. ఏటా వేల కొత్త జతలు చేసి, పదుల చోట్ల, ఏటికేడు ఎక్కువ ఒత్తుగా నాటి, కోసి తూచి, బాగా కాసినవాటి తల్లిదండ్రుల్ని మళ్ళీ కలిపారు. వాలస్ కుర్రాడిగా చేసిన పనే, పెద్ద ఎత్తున. హైబ్రిడ్ పద్ధతి ఇచ్చిన పెద్ద వరం నా ఉద్దేశంలో ఇదే. ఇన్‌బ్రెడ్ అంటే మారని వంశం. మంచి జత దొరికితే దాన్ని పదేళ్ళయినా, లక్షల ఎకరాలకైనా అచ్చంగా అలాగే తయారుచేయొచ్చు, పది చోట్ల పరీక్షించొచ్చు. గాలికి కలిసిపోయే పాత రకంలో ఆ వీలు లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ చేతికి చిక్కాక అసలు ఎంపిక మొదలైంది. ఆ ఎంపికతో ఇన్‌బ్రెడ్లు కూడా బలపడ్డాయి. 1960లు వచ్చేసరికి తల్లిగా పెట్టదగినంత గింజ కాసే ఇన్‌బ్రెడ్లు వచ్చాయి, జోన్స్ నాలుగు తల్లిదండ్రుల ఉపాయం అవసరం తీరిపోయింది, రెండు ఇన్‌బ్రెడ్ల సింగిల్ క్రాసులే రైతుకు అందాయి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం 1972లో విడుదల చేసిన బి73 ఇందులో ఒక మైలురాయి. 2009లో మొక్కజొన్న జన్యువుల పూర్తి పటం వేసినప్పుడు ఎంచుకున్నది కూడా దాన్నే.

ఇప్పుడు ఎరువు, యంత్రాల వాటా. గుర్రాల కాలంలో వరుసల మధ్య 40 అంగుళాల పైన ఎడం ఉండేది, ఎందుకంటే మధ్యలో గుర్రం నడవాలి. నిలువుగానూ అడ్డంగానూ గుంటక తిప్పడానికి చదరంగపు గళ్ళలా నాటేవారు, ఒక్కో కుదురులో మూడు నాలుగు గింజలు. లెక్క వేస్తే ఎకరానికి సుమారు పన్నెండు వేల మొక్కలే. ఇప్పుడు ముప్ఫై వేలు దాటింది. ట్రాక్టర్ వచ్చి గుర్రం అవసరం తీరింది, కలుపు మందు వచ్చి అడ్డ గుంటక అవసరం తీరింది, అప్పుడే వరుసలు దగ్గరకు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పేలుడు మందుకోసం కట్టిన అమ్మోనియా కర్మాగారాలు యుద్ధం ముగిశాక నత్రజని ఎరువు వైపు తిరిగాయి, ఎరువు చౌకైంది. అంతకుముందు నేలకు నత్రజని అందడానికి రైతు ఒక ఏడాది క్లోవర్ లాంటి పశుగ్రాసం వేసి పంట మార్చేవాడు. ఇప్పుడు ఏటేటా మొక్కజొన్నే వేసే వీలు వచ్చింది. అంత నత్రజని తాగి కూడా పడిపోకుండా నిలబడే కాండం హైబ్రిడ్ ఇచ్చింది. చేను పడిపోకుండా ఉంటేనే కోత యంత్రం పనిచేస్తుంది. అంతకుముందు కండె కోత అంటే చలిలో నెలల తరబడి పని. చేతికి ఇనప కొక్కెం తొడుక్కుని, కండె పై ఆకులు చీల్చి, విరిచి, పక్కన నడిచే బండి చెక్కకు తగిలేలా విసరాలి. ఒక్కొక్క కండె అలా. వంగి కింద పడ్డ కండెను మనిషి ఏరుకోగలడు, యంత్రం ఏరుకోలేదు.

అందుకే విత్తనం ఎంత, ఎరువు ఎంత అన్న ప్రశ్నకు సగం సగం అని చెప్పి ఊరుకోను. ఒత్తుగా నాటడం, నత్రజని, యంత్రం, నిలబడే కాండం, ఈ నాలుగూ ఒకదాని భుజం మీద ఇంకొకటి ఎక్కాయి.

దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. హైబ్రిడ్ విత్తనం పండించే చేలో ఆడ వరుసలూ మగ వరుసలూ పక్కపక్కన ఉంటాయి. ఆడ వరుసల్లో ప్రతి మొక్క జల్లునూ పుప్పొడి రాలకముందే పీకేయాలి. మిడ్‌వెస్ట్‌లో, అంటే అయోవా, ఇల్లినాయ్ ఉన్న ప్రాంతంలో, వేసవి సెలవుల్లో బడిపిల్లలు వేలమంది ఈ పనికి వెళ్ళేవారు. తెల్లవారుజామున మంచుకు తడుస్తూ, మధ్యాహ్నం ఎండకు మాడుతూ, ఆకు అంచులకు చేతులు కోసుకుపోతూ చేసే పని అది. ఈ ఖర్చు తప్పించుకోవడానికి 1940లలో టెక్సాస్‌లో దొరికిన ఒక తల్లి వంశాన్ని వాడుకున్నారు. దాని జల్లులో పుప్పొడే పుట్టదు. ఆ లక్షణం తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి వైపు పెడితే చాలు, జల్లు పీకే పనే లేదు. అందరికీ నచ్చింది. 1970 నాటికి అమెరికా మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ ఒక్క తల్లి వంశం నుంచే వచ్చేది.

పైకి చూస్తే వందల హైబ్రిడ్లు, వందల పేర్లు. లోపల కణాల్లోని మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, తల్లి నుంచే వచ్చే భాగాలు) మాత్రం ఒక్కటే. ఆకుమచ్చ శిలీంధ్రంలో ఒక కొత్త తెగ పుట్టి, ఆ మైటోకాండ్రియాను మాత్రమే చిల్లు పొడిచే విషం తయారుచేసింది. 1970లో దక్షిణాది నుంచి తేమగాలితో ఉత్తరానికి పాకింది. దక్షిణాన కొన్ని చేలు సగానికి పైగా పోయాయి. దేశం మొత్తం మీద 15 శాతం పంట, సుమారు వంద కోట్ల డాలర్లు నష్టం. ఫిలిప్పీన్స్‌లో 1960ల మొదట్లోనే ఈ వంశానికి ఆ తెగులు ఎక్కువగా సోకుతోందని చూసి రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. నష్టం తర్వాత కంపెనీలు మళ్ళీ మామూలు తల్లులకు మారాయి, పిల్లలు మళ్ళీ చేలకు వెళ్ళారు. నాకు ఈ ఘటన గుర్తొచ్చినప్పుడల్లా టెన్షన్ గానే ఉంటుంది, ఎందుకంటే ఖర్చు తగ్గించే ఒక్క సౌకర్యం అన్ని రకాల్లోకీ చడీచప్పుడు లేకుండా ఎలా పాకుతుందో ఈ రంగంలో నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను.

చివరిగా మీ మూడో ప్రశ్న. దాచిన గింజ కాయకపోవడం కంపెనీ పెట్టిన మెలిక కాదు, వంశపారంపర్య లెక్క. సింగిల్ క్రాస్ హైబ్రిడ్‌లో తల్లి ఇచ్చిన జన్యువూ తండ్రి ఇచ్చిన జన్యువూ తేడా ఉన్న ప్రతిచోటా జతగా ఉంటాయి. ఆ మొక్కలు తమలో తాము కలిస్తే తర్వాతి తరంలో అలాంటి జతలు సగానికి పడిపోతాయి, దాంతో సంకర తేజం కూడా సుమారు సగం పోతుంది. మాటవరసకు ఇన్‌బ్రెడ్ల సగటు 40, హైబ్రిడ్ 100 అనుకుంటే దాచిన గింజ 70 దగ్గర ఆగుతుంది. ఆ మొక్కలు ఒకదానికొకటి పోలికుండదు, ముందూ వెనకగా ముదురుతాయి.

ఇది సహజమే అయినా దీనివల్ల లాభపడింది ఎవరన్నది వేరే మాట. అమెరికాలో 1930 నాటి మొక్కల పేటెంటు చట్టం గింజతో పెరిగే పంటలకు వర్తించదు. గోధుమ విత్తనం అమ్మితే రైతు మరుసటి ఏడు సొంతంగా చేసుకుంటాడు. హైబ్రిడ్ మొక్కజొన్నలో మాత్రం తల్లిదండ్రులు ఎవరి దగ్గరుంటే విత్తనం వారిది, చట్టం అక్కర్లేదు. అందుకే ప్రైవేటు విత్తన వ్యాపారం మొదట వేళ్ళూనుకున్నది ఈ పంటలోనే. మొదటి నలభై ఏళ్ళు ప్రభుత్వ ప్రయోగ కేంద్రాలు ఇన్‌బ్రెడ్లు తయారుచేసి అందరికీ పంచాయి కాబట్టి చిన్న కంపెనీలు కూడా వందల్లో నిలిచాయి. ఆ పని తగ్గుతూ వచ్చేకొద్దీ చిన్నవి కనుమరుగయ్యాయి. కంపెనీల మీద కోపం ఉంటే ఇక్కడ ఉండాలి, రెండో తరం గింజ మీద కాదు. మంచి ఇన్‌బ్రెడ్లు ప్రజల డబ్బుతో తయారై అందరికీ అందాలని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను.

నా మాట నమ్మనక్కర్లేదు, వీలుంటే మీరే చూడండి. హైబ్రిడ్ గింజ ఒక వరుస, అదే పంటలోంచి దాచిన గింజ పక్కన ఇంకో వరుస, ఒకే రోజు నాటండి. ఒక్కో వరుసలో ముప్ఫై మొక్కలు చాలు. పూతకు వచ్చాక రోజూ ఉదయం వెళ్ళి, ఆరోజు ఎన్ని మొక్కలకు కొత్తగా పీచు వచ్చిందో రాసుకోండి. మొదటి వరుసలో రెండు మూడు రోజుల్లో దాదాపు అన్నీ వచ్చేస్తాయి. రెండో వరుసలో మీ లెక్క చాలా రోజులు సాగుతుంది.